టైలరు సుద్ద

మొదటిసారి దొంగలు పడ్డప్పుడు
కానిస్టేబులు కాగితం మీద
జిల్లా: ప్రకాశం అని రాసి
కొట్టేసి
నెల్లూరు అని రాశాడు.
కందుకూరు యాడికీ పోలేదు సారూ,
పోయింది మా సామానే అన్నాను.

ఏమేం పోయినయ్?
నాలుగు గ్రాముల జుంకీలు.
మొన్ననే వచ్చిన నిండు సిలిండరు.
కందిపప్పు డబ్బా అడుగున పదకొండు వేలు.
(ఆ డబ్బా సంగతి మాలకొండయ్యకి, అంటే మా ఆయనకి కూడా తెలీదు.
దొంగకెట్టా తెలిసిందో
ఇప్పటికీ అర్ధరాత్రి లేచి ఆలోచిస్తా.)
సగం సీసా రొయ్యల పచ్చడి కూడా అంటే
రాసుకోలేదు.
పచ్చళ్ళు ఎఫ్ఐఆర్‌లో ఎక్కవంట.

తాళం పగల్లేదు. గొళ్ళెం ఊడొచ్చింది.
ఏడు లివర్ల తాళం
ఊడిన గొళ్ళేన్నే పట్టుకుని వేలాడతా ఉంది
పెళ్ళి చెడినా
చిటికెన వేలు వదలని పెళ్ళికొడుకు మాదిరి.

ఇల్లు ఖాళీ అని వాడికెవరు చెప్పారయ్యా?
మీ వాకిలే చెప్పిందమ్మా అన్నాడు.

చూశాను.
మూడురోజుల కిందటి ముగ్గు,
సైకిళ్ళు తొక్కి, గాలి ఊది
పాలు ఒలికిన మరక మాదిరి మిగిలింది.
ముప్పై ఏళ్ళుగా పొద్దన్నే వంగి
నేను రాస్తా ఉన్నది
"లోపల మనిషుంది" అనే ఒక్క ముక్కేనని
అప్పుడు తెలిసింది.

దొంగలు పడ్డ ఆర్నెల్లకి మా వీధిలో
కుక్కలు కాదు, సలహాలు మొరిగాయి.
కెమెరా పెట్టమని ఒకరు,
మిరప్పొడి తలకింద పెట్టుకోమని ఒకరు.
మా ఆయన తలుపెనకాల మూడు స్టీలు బిందెలు పేర్చి
రాత్రి ఒంటేలుకి లేచి
తనే తన్ని
దొంగ దొంగ అని తనే అరిచాడు.

ఆ గుండె అరవగూడదన్నారు డాక్టర్లు.
గొట్టం వెయ్యాలి, రాయవేలూరు పొమ్మన్నారు.
సింగరాయకొండలో రాత్రి రైలు.
పదకొండు రోజులు.

ఎదురింటి ఖాసింబీ, చీరలకి ఫాల్సు కుడతది,
తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను.
మాపటేళ లైటెయ్యి.
పాలబ్బాయికి చెప్పు.
దండెం మీద చీర రోజుకొకటి మార్చు,
ఆ పచ్చది వద్దు, రంగు పోతది.
ముగ్గు మాట నోటిదాకా వచ్చి ఆగింది.
వాళ్ళింట లేని అలవాటు
ఎట్టా అడగను?

వార్డు బయట బెంచీ మీద పదకొండు తెల్లవారుజాములు
నాకు కనపడింది
మా ఆయన గుండె గీతలు కాదు,
సిగ్గులేకుండా చెబుతున్నా,
బోసి వాకిలి.

తిరిగొచ్చేసరికి ఇంకా చీకటి విడలేదు.
ఆటో లైటు వాకిట్లో పడింది.
గొళ్ళెం గొళ్ళెంగానే ఉంది.
గడప ముందు సిమెంటు మీద ఏదో గీసుంది.
చుక్కల్లేవు. తామర కాదు, తేరు కాదు.
వంగి చూస్తే
నాలుగు జాకెట్టు మెడలు, పాట్ నెక్కులు,
ఎదురెదురుగా.
మధ్యలో చంక తిప్పు గీత ఒకటి, తప్పి, మళ్ళీ గీసింది.
పిండి కాదు. టైలరు సుద్ద.

"నాకొచ్చిన వంకర్లు ఇవేనక్కా" అంది
ముసుగు సర్దుకుంటా.
"దొంగకి డిజైను ఏం తెలస్తదిలే."

ఆ పొద్దు కళ్ళాపి చల్లలేదు నేను.
పక్కింటోళ్ళు మైలేమో అనుకున్నారు.

ఇప్పుడు ఖాసింబీ కసుమూరు దర్గాకి పోయింది,
పిల్లలతో, నాలుగురోజులు.
తాళంచెవి నా కొంగున ఉంది.
దీపాలేళ పోయి లైటేస్తా.
కిటికీ ఒక రెక్క తెరుస్తా.
మిషను ముందు కూర్చుని
గుడ్డ లేకుండా, దారం లేకుండా
అరగంట తొక్కుతా.
వీధిలో పోయేవాడికి వినపడాలి గదా.